దున్నదూడ ఆకలి, గేదె చేపు

ప్రశ్న: మాది విజయవాడకు దగ్గరలో, కంకిపాడు వైపు ఉన్న ఊరు. పెళ్లయి మూడేళ్లయింది. మామగారికి ఆరు ముర్రా గేదెలు ఉన్నాయి. తెల్లవారుజామున పటమట అపార్టుమెంట్లకు లీటరు 80 రూపాయల చొప్పున పాలు పోస్తాం. ఇల్లు గడిచేది దాని మీదే. మామగారు చెడ్డవారు కాదు. గేదె ఈనే రాత్రి పాకలోనే మంచం వేసుకుంటారు. పెయ్యదూడ పుడితే అపురూపంగా చూస్తారు. దున్నదూడ పుడితే మాత్రం దానికి పాలు వదలరు. నెల తిరగకుండా అది చచ్చిపోతుంది. తరువాత గేదె చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు కనుక పూటపూటకూ ఇంజెక్షన్ చేస్తారు. నేను వచ్చాక నాలుగు దూడలు ఇలాగే పోయాయి. ఇప్పుడు పన్నెండు రోజుల దూడ ఒకటి విడిగా కట్టేసి ఉంది, రోజురోజుకూ నీరసిస్తోంది. మా పాపకు ఏడాదిన్నర. ఇంజెక్షన్ చేసి తీసిన పాలు దానికి పట్టవచ్చా? ఇదంతా పాపం కాదా? మామగారికి ఎలా చెప్పాలి? నోరు తెరిస్తే పట్నం పిల్లకు పాడి గురించి ఏం తెలుసని అంటారు.
– ఒక కోడలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే దూడ గురించి నాలుగు మాటలు మీకు విడిగా రాసి పంపాను. అవి ఆలస్యం చేయదగిన విషయాలు కావు. అలాంటి దూడ ఇంకెవరి పాకలోనైనా ఉండవచ్చు కనుక వాటిని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఆ వయసు ముర్రా దూడ ముప్పై కిలోల దాకా తూగుతుంది. దానికి రోజుకు తన బరువులో పదో వంతు, అంటే మూడు లీటర్ల పాలు కావాలి. ఇన్నాళ్లూ అర్ధాకలితో ఉన్న దూడకు వాటిని ఒక్కసారే పట్టకూడదు. మూడు నాలుగు పూటలుగా, గోరువెచ్చగా పట్టాలి. ఆ తరువాత చూడవలసింది ఏలికపాములు. గేదెదూడలకు ఈ పురుగులు తల్లిపాలతోనే వస్తాయి. అందుకే పది పదిహేను రోజుల వయసులోనే పైపరజీన్ మందు తాగించాలి. మట్టిరంగులో, భరించలేని కంపుతో పారుతుంటే చాలావరకు ఇవే కారణం. మోతాదు బరువును బట్టి ఉంటుంది, పశువైద్యశాలలో అడిగి తాగించండి. దూడ కళ్లు లోపలికి పోయాయా చూడండి. మెడ మీది చర్మాన్ని పట్టి లాగి వదలండి. అది వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. అప్పుడు సొంత వైద్యం వద్దు, 1962కు ఫోను చేయండి. సంచార పశువైద్య వాహనం మీ ఊరికే వస్తుంది, డబ్బు తీసుకోరు.

ఇక మీ మామగారి సంగతి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేశాను. దున్నదూడను పస్తు పెట్టిన రైతుల్లో ఎక్కువమంది ఆయనలాంటివారే. చంపుతున్నామని వారు ఎన్నడూ అనుకోరు. బతికితే బతుకుతుందిలే అంటారు. దూడ చావును ఎవరూ నిర్ణయించరు, పాలు మాత్రం వదలరు. ఆ 'బతికితే' అన్న మాట వెనుక ఉన్నది లెక్క. కాబట్టి ఆయనతో లెక్కలోనే మాట్లాడాలి.

దూడకు మొదటి నెల బరువులో పదో వంతు పాలు పడతాం, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు. బరువు కూడా పెరుగుతూ ఉంటుంది కనుక పాలు దాదాపు రోజుకు మూడు లీటర్ల దగ్గరే నిలుస్తాయి. మూడు నెలలకు 270 లీటర్లు. మీ ధర కడితే 21,600 రూపాయలు. పాల మీద బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. దున్నదూడను పెంచి అమ్మినా ఆ డబ్బంతా తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. దూడను బతికించడంలో ఖర్చే లేదని చెప్పేవారి మాట మీ మామగారు వినరు, వినకపోవడం సబబే.

కానీ లెక్క అక్కడితో ఆగిపోకూడదు. రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదెకు 270 లీటర్లంటే 34 రోజుల పాలు. దూడ పోయిన గేదె ఒక నెల ముందుగా వట్టిపోయినా, మళ్లీ చూడి కట్టడం ఒక నెల వెనక్కి జరిగినా, దూడ నోటి నుంచి మిగుల్చుకున్నదంతా అక్కడికే సరి. వట్టిపోయిన గేదె మేత మానదు కదా, గడ్డీ తవుడూ చెక్కా దానికీ వేయాలి. మీ పాకలో ఆరు గేదెలున్నాయి. దూడ బతికిన ఈతలో ఏ గేదె ఎన్ని నెలలు పాలిచ్చిందో, దూడ పోయిన ఈతలో ఎన్ని నెలలిచ్చిందో, మళ్లీ ఎప్పుడు ఎదకు వచ్చిందో ఆయనకు వేళ్ల మీద ఉంటుంది. వాదించకుండా అడగండి. నా లెక్క కంటే ఆయన జ్ఞాపకమే ఆయనను బాగా ఒప్పిస్తుంది.

ఇప్పుడు చేపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీ పాకలో జరుగుతున్నదానికి మూలం అక్కడే ఉంది.

ఆవు పొదుగులో పాలు కొంతమేర, ఐదో వంతు దాకా, పితికే వేళకే కింది తిత్తిలోకి దిగి ఉంటాయి. గేదెకు అలా దిగి ఉండేది ఇరవయ్యో వంతే. మిగిలినవన్నీ పైన కంటికి ఆనని చిన్న చిన్న గదుల్లో ఉంటాయి. దూడ మూతి చన్నుకు తగలగానే ఆ కబురు నరాల గుండా మెదడుకు చేరుతుంది. మెదడు కింద ఉండే గ్రంథి ఆక్సిటోసిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది పొదుగుకు చేరి, ఆ గదులను చుట్టి ఉన్న సన్నని కండరాలను బిగిస్తుంది. అప్పుడు పాలు కిందికి జారతాయి. ఇదంతా జరగడానికి గేదెకు ఒకటి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఈలోగా గేదె బెదిరినా, నొప్పి కలిగినా ఒంట్లో అడ్రినలిన్ పుట్టి ఆ పనిని అడ్డుకుంటుంది. పాలు పైకి బిగబట్టిన గేదెను 'ఎగచేపింది' అని పెద్దలు అంటారు. అది మొండితనమని చాలామంది అనుకుంటారు, కర్ర తీస్తారు. కర్ర తీసిన కొద్దీ పాలు ఇంకా పైకే పోతాయి.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో తెనాలి దగ్గర ఒక ఊళ్లో చూసిన దృశ్యం చెబుతాను. గేదె దూడ చచ్చిపోయింది. ఆ ఇంటివారు దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, అందులో వరిగడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టారు. పాలు తీసే వేళకు దాన్ని తెచ్చి గేదె మూతి ముందు పెట్టారు. గేదె దాని వీపు నాకడం మొదలుపెట్టింది. మెడ నుంచి తోక దాకా, పుట్టిన రోజు నాకినట్టే నాకింది. నాకుతూనే చేపింది. పితుకుతున్న ఇల్లాలు ఆ పని ముగిసేదాకా తలెత్తలేదు. వయసులో ఉన్న నాకు అప్పుడు అందులో ఉపాయం మాత్రమే కనిపించింది. తరువాత ఇంజెక్షన్ వచ్చింది, ఆ తోలు దూడలు పాకల్లోంచి పోయాయి. గేదె చేపడం లేదని వచ్చినవారికి నేనూ మందుచీటీ రాసిచ్చాను. దూడ ఏమైందని అడగలేదు. ఏళ్ల తరబడి అడగలేదు. మీ ఉత్తరం చదవగానే ముందు ఆ దూడ గురించే రాయాలనిపించడానికి కారణం ఇదే.

ఇంజెక్షన్‌లో ఉన్నది కూడా ఆక్సిటోసినే. దూడ నాలుక చేయించే పనిని సూదితో చేయిస్తున్నారు. గేదె ఒంట్లో సహజంగా పుట్టేది కొద్ది నిమిషాలు ఉండి పోతుంది. సూది మందులో మోతాదు సాధారణంగా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నెలల తరబడి పూటకొకటి చొప్పున ఇస్తూ పోతే గేదె తనంతట తాను చేపడం మరిచిపోతుంది, మందు లేనిదే పొదుగు వదలదు. ఈ మందు గర్భసంచిని కూడా బిగిస్తుంది. కాన్పులో నొప్పులు రావడానికి వైద్యులు స్త్రీలకు ఇచ్చేది దీన్నే. అలాంటిదాన్ని కట్టు వేయించిన, అంటే చూడి కోసం వీర్యం ఎక్కించిన గేదెకు, చూడి గేదెకు రోజుకు రెండుసార్లు గుచ్చడం ఎంత అవివేకమో ఆలోచించండి. ఇక ఆరు గేదెలకూ ఒకే సూది వాడితే వాపులు, చీముగడ్డలు, ఒకదాని జబ్బు మరొకదానికి అంటడం ఎటూ ఉన్నాయి. రోజుకు రెండు పోట్లంటే నెలకు అరవై. గేదె తోలు దళసరి కనుక నొప్పి తెలియదనుకోవడం తప్పు. ఈగ వాలితే చర్మం జలదరించే జంతువు అది.

చట్టం కూడా తెలుసుకోండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్ ఇవ్వడం నేరం. వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు, పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు అమ్మడమే తప్పు. పేరు లేని చిన్న ప్లాస్టిక్ సీసాల్లో దాణా కొట్లలో దొరికేది ఎవరు, ఎక్కడ, ఎలా తయారు చేశారో ఎవరికీ తెలియదు. అయితే మందు మీద పగ పెట్టుకోనక్కర్లేదు. కాన్పు తరువాత ఆగని రక్తస్రావంలో తల్లుల ప్రాణం నిలిపేది ఇదే. 2018లో ప్రైవేటు కంపెనీలు దీన్ని తయారు చేయకూడదని కేంద్రం ఉత్తర్వు ఇస్తే, ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. తల్లులకు మందు అందకుండా పోతుందన్న భయం ఆ వాదనల్లో ముఖ్యమైనది. ఈ సెక్షన్ సంగతి మీ మామగారికి తెలియాలి గానీ, మీ నోటి నుంచి బెదిరింపుగా తెలియకూడదు. డాక్టరు చేత చెప్పించండి.

పాప పాల గురించి భయపడకండి. ఆక్సిటోసిన్ మాంసకృత్తుల జాతి పదార్థం, కడుపులో మిగతా ఆహారంలాగే అరిగిపోతుంది. ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవుతారనే ప్రచారం చాలా ఉంది గానీ దానికి నిలబడే ఆధారం లేదు. పాలలో నిజంగా చూడవలసింది వేరే ఉంది. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వాడినప్పుడు, డాక్టరు చెప్పిన రోజులు గడిచేదాకా ఆ గేదె పాలు పాపకూ పట్టకూడదు, పటమటకూ పోయకూడదు.

ఇంజెక్షన్ మానడం ఎలా? ఆరు గేదెలకూ ఒకేసారి మానిపించే ప్రయత్నం చేస్తే మూడో రోజుకే పాలు పడిపోయి, ఆయన నమ్మకం కూడా పడిపోతుంది. ఒక్క గేదెతో మొదలుపెట్టండి, ఈ పన్నెండు రోజుల దూడ తల్లితోనే. దూడ బతికి ఉంది కాబట్టి ఆ తల్లికి ఇంకా సూది అలవాటయి ఉండదు. పితికే ముందు దూడను ఒకటి రెండు నిమిషాలు వదలండి, చేపు రాగానే పక్కకు తీసి తల్లి మూతి దగ్గర కట్టండి. పితకడం అయ్యాక మళ్లీ వదలండి, లేదా ఒక చన్ను దానికే ఉంచండి. దానికి అందేది రోజుకు ఆ మూడు లీటర్లే ఉండేలా చూసుకుంటే మామగారి లెక్క కూడా తప్పదు. రెండో వారం దాటాక గుప్పెడు దూడల దాణా, లేత పిల్లిపెసర మేత అలవాటు చేయవచ్చు.

ఇప్పటికే సూదికి అలవాటు పడిన గేదెలకు డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. కొన్నాళ్లు పాలు తగ్గుతాయి, దానికి ముందే సిద్ధపడండి. చేపు తెప్పించడానికి చేయగలిగింది చాలా ఉంది. రోజూ అదే వేళకు, అదే మనిషి పితకాలి. దాణా ముందు పెట్టాలి. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ఒకటి రెండు నిమిషాలు మెత్తగా రుద్దాలి. బొటనవేలు మడిచి చన్నును దాని మెటికతో నొక్కుతూ పితికేవారు మన వైపు చాలామంది ఉన్నారు. దానివల్ల చన్ను లోపల దెబ్బ తింటుంది, నొప్పికి గేదె ఎగచేపుతుంది. నిండు గుప్పిటతో పితకడం నేర్చుకోవాలి, చేయి తిరగడానికి కొన్ని వారాలు పడుతుంది. మన విజయవాడ ఎండలు మీకు తెలియనివి కావు. గేదెకు నల్లని తోలు, చెమట గ్రంథులు బాగా తక్కువ. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రేకుల పాక కింద రొప్పుతూ నిలబడ్డ గేదె చేపలేదంటే వింత లేదు. పితికే ముందు ఒంటి మీద నాలుగు బక్కెట్ల నీళ్లు కుమ్మరించి చూడండి.

ఇదంతా విని మీ మామగారు ఒక ప్రశ్న వేస్తారు. "సరే, బతికిస్తాం. పెద్దదయ్యాక ఏం చేసుకోవాలి?" అది న్యాయమైన ప్రశ్న. కృష్ణా డెల్టాలో దుక్కికి ట్రాక్టర్లు వచ్చాయి, ఎదకు వచ్చిన గేదెకు వీర్యం గొట్టంలో వస్తోంది. దున్నపోతుకు పని లేదు. దాన్ని కొనేది మాంసం వ్యాపారులే. ఈ మాట రాయడం నాకు సులువు కాదు, చదవడం మీకూ కాకపోవచ్చు. అయినా దాచను. కడుపునిండా తాగి, పాకంతా గంతులేసి, ఏడాది రెండేళ్లు పశువులా బతికి, తరువాత అమ్ముడుపోయే దూడకూ, కళ్ల ముందు తల్లి పొదుగు నిండి ఉండగా పలుపు చివర ఇరవై రోజులు ఆకలితో ఎండిపోయే దూడకూ తేడా లేదని నేను ఒప్పుకోను. చేతికి రక్తం అంటదు కనుక పస్తు పెట్టడమే మేలనే ఆలోచన మనకు ఊరటనిస్తుందేమో, దూడకు ఇవ్వదు. అమ్మేటప్పుడు కాళ్లు కట్టి, లారీలో ఒకదాని మీద ఒకటి కుక్కి తీసుకెళ్లేవారికి ఇవ్వనని మీ మామగారు పట్టుబట్టవచ్చు. ఆ మాత్రం ఆయన చేతిలో ఉంది.

ఇకముందు ఈ ప్రశ్న తక్కువసార్లు ఎదురయ్యే మార్గం కూడా ఉంది. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా వేరు చేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. పదిలో తొమ్మిది దాకా పెయ్యలే పుడతాయి. ముర్రాకు అది ఎప్పుడు అందుతుందో మీ పశువైద్యశాలలో అడగండి. మీకు గన్నవరం పశువైద్య కళాశాల కూడా దగ్గరే. కట్టు ఖర్చు కొంత పెరిగినా, మామగారు దీనికి త్వరగానే ఒప్పుకుంటారని నా నమ్మకం.

పాపం కాదా అని అడిగారు. పాపపుణ్యాల తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కనుమ నాడు మీ ఇంట్లోనూ గేదెలను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పసుపు కుంకుమ పెట్టి ఉంటారు. మీరు వచ్చాక పోయిన ఆ నాలుగు దూడల్లో ఒక్కటైనా కనుమ చూసిందా? ఈ ప్రశ్న మామగారిని అడగమని చెప్పడం లేదు. ఆయన అంత పెద్దమనిషిని అలా నిలదీస్తే మనసు మూసుకుంటారు. మీరు రాసిన మాటలో మనసుండబట్టే మీతో పంచుకుంటున్నాను.

ఆయనతో మాట్లాడవలసింది ఇలా అని నాకు తోస్తోంది. పాలు పోసి వచ్చి, కాఫీ తాగి, పాక ముందు కూర్చున్న వేళ చూసుకుని, "మామయ్యగారూ, ఈ ఒక్క దూడనూ నాకు ఇవ్వండి. నేను పెంచుతాను. దాని పాల లెక్క నేను రాస్తాను" అనండి. ఒక నోటుపుస్తకం పెట్టండి. దూడ తాగింది, తల్లి ఇచ్చింది, కొన్న దాణా, ఆ గేదెకు సూది పడని పూటలు, మళ్లీ ఎదకు వచ్చిన తేదీ, అన్నీ రాయండి. అంకెలు దూడకు అనుకూలంగా లేని వారాలు ఉంటాయి, వాటినీ దాచకుండా రాయండి. పాడి తెలిసిన మనిషి కనుక ఆయన ఆ పుస్తకం చదువుతారు. ఇక దూడను కట్టే చోటు. ఇప్పుడు అది విడిగా ఉందన్నారు. ఆ కట్టుకొయ్యను ఈ సాయంత్రమే తల్లి గాడి పక్కకు మార్చి, తల్లి నాలుక అందేంత పలుపు వదిలి కట్టండి.